తమ్ముడి ఆఫర్ లెటర్

మాదాపూర్,
డిసెంబర్ 2025

మామా,

మీ చిన్నమ్మ కొడుక్కి మా కంపెనీ నుంచి ఆఫర్ వచ్చిందని, చేరమనాలో వద్దనాలో ఒక్క ముక్కలో చెప్పమని వాట్సాప్‌లో అడిగావు. ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు. చేరమంటే, రేపు వాడు నిద్ర చాలక మీ చిన్నమ్మకు ఫోన్ చేసి ఏడ్చిన రోజున నా పేరే వస్తుంది. వద్దంటే, అమీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్ల చుట్టూ తిరిగి నెట్‌వర్కింగ్, విండోస్ సర్వర్ కోర్సులు చేసి, ఏడాదిగా ఇంటి డబ్బుతో హాస్టల్లో ఉంటున్న పిల్లాడి నోటి దగ్గరి ముద్ద తీసేసినవాణ్ణవుతా. అందుకే తీరిగ్గా రాస్తున్నా. ఈ రోజు నాకు వీక్లీ ఆఫ్. నువ్వు అమెరికాలో, ఫ్రిస్కోలో లేచేసరికి మెయిల్లో ఉంటుంది, కాఫీ తాగుతూ చదువుకో.

నువ్వున్నప్పటి ఆఫీసు ఖాళీ చేశాం. ఇప్పుడు అదే అయ్యప్ప సొసైటీలో రెండు సందుల అవతల. కింద స్టిల్ట్ పార్కింగ్, మధ్య అంతస్తుల్లో లేడీస్ హాస్టల్, పైన మేము. కరెంటు పోతే జనరేటర్ మీద సర్వర్ ర్యాక్, సిస్టమ్స్, లైట్లు నడుస్తాయి, ఏసీ నడవదు. నెట్ మాత్రం రెండు కంపెనీల లైన్లు తీసుకున్నారు, ఆ విషయంలో సార్‌ని మెచ్చుకోవాలి. మనుషులు ముప్ఫై దాటారు. పేరోల్ మీద మాత్రం ఎప్పుడు చూసినా ఇరవై నిండరు. అదెందుకో కింద రాస్తా. తమ్ముడికి అన్నిటికంటే ముఖ్యమైన సంగతి అదే.

యాజమాన్యం పాతదే. సార్ ఎండీ, ఆయన భార్య మేడమ్ హెచ్ఆర్, అకౌంట్స్ రెండూ. కొత్తగా మేడమ్ తమ్ముడు ఆపరేషన్స్ మేనేజర్‌గా వచ్చాడు. అంతకుముందు కొంపల్లి వైపు ప్లాట్లు అమ్మేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, మాతోపాటు రాత్రుళ్ళు కూర్చుంటాడు. కాకపోతే డాష్‌బోర్డులో ఎర్రగా కనబడేది పచ్చగా మారాలని తప్ప, అసలెందుకు ఎర్రబడిందో ఆయనకు తెలీదు, అడిగి తెలుసుకుందామన్న ఉద్దేశమూ లేదు. ప్రతి మీటింగ్‌లో సార్ "మనమంతా ఒక ఫ్యామిలీ" అంటారు. కుర్రాళ్ళు తల దించుకుని నవ్వుకుంటారు. ఆ గదిలో ముగ్గురైతే నిజంగా ఫ్యామిలీయే కదా.

పని కూడా మారలేదు. ఒహాయోలో ఉన్న సపోర్ట్ కంపెనీకి అక్కడి డెంటల్ క్లినిక్‌లు, లాయర్ ఆఫీసులు, చిన్న ఫ్యాక్టరీలు ఒక్కో యూజర్‌కి నెలకు ఇంత అని కడతాయి. ఆ పనిలో రాత్రింబవళ్ళు ఫోన్ ఎత్తే భాగాన్ని సీటుకి ఇంత చొప్పున మాకు ఇస్తారు. మా మెయిల్ ఐడీలు వాళ్ళ డొమైన్ మీదే. ఫోన్ చేసిన రిసెప్షనిస్టు మేం పక్క ఊళ్ళో ఉన్నామనుకోవాలి కాబట్టి, మానిటర్ మూలన అక్కడి వాతావరణం పేజీ తెరిచి ఉంచే ఆచారం ఇంకా నడుస్తోంది. "మీ దగ్గర మంచు ఆగిందా?" అని అడిగితే, మే నెలలో ఉక్కపోతతో చచ్చినవాళ్ళం డిసెంబర్‌లో ఏం మంచు చెబుతాం, ఆ పేజీ చూసి చెబుతాం. కంపెనీ ఆదాయంలో సగానికి పైగా ఆ ఒక్క క్లయింట్‌దే. వాళ్ళు ఏం అడిగినా సార్ నోట "యెస్" తప్ప మాట రాదు. ఆ యెస్‌లన్నీ నైట్ షిఫ్ట్ మోయాలి.

ఇన్నేళ్ళలో నాకు బోధపడింది ఇది మామా: ఇక్కడ మనం చేసే ప్రతి పనీ రాతలో ఉండాలి, వాళ్ళిచ్చే ఏ మాటా రాతలో ఉండదు. టైమ్‌షీట్ సంగతి నీకు తెలుసు. అప్పట్లో గంటకోసారి నింపేవాళ్ళం, ఇప్పుడు పదిహేను నిమిషాలకోసారి. పాస్‌వర్డ్ రీసెట్ పదిహేను నిమిషాలు, ప్రింటర్ పదిహేను, బాత్రూమ్‌కి వెళ్ళొస్తే అది 'అడ్మిన్' అనే పద్దు కింద పదిహేను. 'అడ్మిన్' ఎక్కువైతే బావమరిది గారి దగ్గర నుంచి పింగ్. (ఆయన్ని ఫ్లోర్‌లో అందరూ అలాగే అంటారు, ఎదురుగా మాత్రం 'సర్'.) పైగా స్క్రీన్‌షాట్లు తీసే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టారు. కంప్యూటర్ల వాళ్ళ మీద కంప్యూటర్‌తో నిఘా! వారం తిరక్కుండానే మౌస్ దానంతటదే కదిలే మందు కనిపెట్టారు పిల్లలు. టికెట్‌లో నోట్స్ లేకపోతే ఆడిట్‌లో మార్కులు కోత. సరే, అదంతా మంచిదే అనుకుందాం. రాత ఉంటేనే సపోర్ట్ నడిచేది. నేను చేసింది రేపు షిఫ్ట్‌లోకి వచ్చేవాడికి తెలియాలంటే రాయాల్సిందే.

మరి షిఫ్ట్ అలవెన్స్ ఎంత? "చూద్దాంలే నాన్నా." హైక్ ఎప్పుడు? "మార్చి తర్వాత మాట్లాడుకుందాం." లీవులు ఎన్ని? మేడమ్ మూడ్‌ని బట్టి. నీకు ఆన్‌సైట్ మాట ఎలా ఇచ్చారో గుర్తుందిగా! సార్ భుజం మీద చెయ్యి వేసి, లిఫ్ట్ దగ్గర. దాన్ని పట్టుకుని నువ్వు రెండు హైకులు వదులుకున్నావు. చివరికి అప్పు చేసి ఎమ్మెస్‌కి నీ దారిన నువ్వే వెళ్ళావు. ఇప్పుడు టికెట్ తీసుకునేవాడివి కాస్తా టికెట్ పెట్టేవాడివయ్యావు. సెప్టెంబర్‌లో హెచ్‌వన్‌కి లక్ష డాలర్ల ఫీజు అన్న వార్త వచ్చినప్పుడు ఇక్కడ మేమంతా నీలాంటి వాళ్ళ గురించి కంగారు పడుతుంటే, సార్ ముఖంలో ఓ నిమ్మళం కనిపించింది. "ఇక అమెరికా అమెరికా అని ఎవరూ పోరు, ఇక్కడే సెటిల్ అవుతారు" అన్నారు. ఆయన దురుద్దేశంతో అన్నారని నేననుకోను. అటెండెన్స్ లెక్క చూసుకున్నారు, అంతే.

ఈ ఏడాది విండోస్ 10 గొడవ చూడు. అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి సపోర్ట్ ఆపేస్తుందని ప్రపంచమంతటికీ ఎప్పుడో తెలుసు. మా క్లయింట్ల క్లినిక్‌లలో సగం పాత మెషీన్లు. టీపీఎం 2.0 లేక విండోస్ 11 ఎక్కనివి కొన్ని, ఎక్కినా ఎక్స్‌రే సాఫ్ట్‌వేర్ పని చేయనివి కొన్ని. ఆగస్టు నుంచి శని, ఆదివారాలన్నీ దానికే పోయాయి, క్లినిక్‌లు మూసి ఉండేది అప్పుడే కదా. "చేసేయండి, అందరికీ కాంప్ ఆఫ్‌లు ఇస్తా, దీపావళికి ఊళ్ళకు వెళ్ళిరండి" అన్నారు సార్. దీపావళి అక్టోబర్ 20న పడింది. అది ఒహాయోకి మామూలు సోమవారం. అప్‌గ్రేడ్ అయిన మెషీన్ల నుంచి ప్రింటర్ కాల్స్ ఒకదాని మీద ఒకటి. ఒక్కరూ కదల్లేదు. నవంబర్‌లో అడిగితే, కాంప్ ఆఫ్ ఆ క్వార్టర్‌లోనే వాడుకోవాలి, దాటితే లాప్స్ అని మేడమ్ చెప్పారు. ఎక్కడుంది మేడమ్ ఆ రూల్ అంటే, "ఎక్కడైనా అంతే కదా" అన్నారు. మాకు థాంక్స్‌గివింగ్ సెలవు మాత్రం భేషుగ్గా ఇచ్చారు. ఆ గురువారం సాయంత్రం మాదాపూర్‌లో ఏం చేసుకోవాలో ఎవరికీ తోచలేదు.

రాత లేకపోవడం జీతాలతో ఆగదు, పనిలోకీ వస్తుంది. పాస్‌వర్డ్ల ఎక్సెల్ షీటు గుర్తుందా? అదింకా ఉంది. 2021 జులై 2న కసేయా రిమోట్ సాఫ్ట్‌వేర్‌లోంచి రాన్సమ్‌వేర్ వాళ్ళు మనలాంటి సపోర్ట్ కంపెనీల గుండా వాళ్ళ కస్టమర్ల మీద పడ్డప్పుడు, ఇళ్ళ దగ్గర లాప్‌టాప్‌లు పెట్టుకుని మనం ఆ వారాంతమంతా వార్తలు చూస్తూ కూర్చున్నాం. 800 నుంచి 1500 దాకా చిన్న వ్యాపారాలకు దెబ్బ తగిలిందని కసేయానే చెప్పుకుంది. మనం ఆ సాఫ్ట్‌వేర్ వాడం కాబట్టి బతికిపోయాం. ఆ సోమవారం నువ్వు పాస్‌వర్డ్ వాల్ట్ కొందామని లెక్కలతో సహా మెయిల్ పెట్టావు. జవాబు ఫోన్‌లో వచ్చింది: "చూద్దాంలే నాన్నా." కొనలేదు. ఒక్క మార్పు వచ్చింది. అడ్మిన్ అకౌంట్లకు మల్టీ ఫ్యాక్టర్ పెట్టారు, ఆ కోడ్ సార్ సొంత ఫోన్‌కి వచ్చేలా. సెక్యూరిటీ అంటే ఆయన లెక్కలో అది. మొన్నామధ్య ఓ ఫ్యాక్టరీ వాళ్ళ మెయిల్ మొత్తం ఆగిపోయింది. అడ్మిన్‌గా లోపలికి వెళ్ళాలంటే కోడ్ కావాలి. సార్ తిరుమలలో, క్యూ లైన్లో, ఫోన్ డిపాజిట్ కౌంటర్లో. స్వామివారి దర్శనం అయ్యేదాకా ఆ ఫ్యాక్టరీకి మెయిల్ లేదు. క్లయింట్‌కి ఏం చెప్పాలని బావమరిది గారిని అడిగితే "అప్‌స్ట్రీమ్ ఇష్యూ అని పెట్టు" అన్నాడు. ఆ మాట ఆయన మాదాపూర్ వచ్చాకే నేర్చుకున్నాడు.

నువ్వు వెళ్ళాక వచ్చిన పెద్ద గండం 2024 జులై 19ది. క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ళు పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం తెర పెట్టిన రోజు. మన టైమ్‌లో శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నర దాటాక మొదలైంది. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన ఫోటోలు నువ్వూ చూసుంటావు. నైట్ షిఫ్ట్ వాళ్ళం అప్పటికి ఇళ్ళలో నిద్రలో ఉన్నాం. ఫోన్లు. ముందు సర్వర్లు పోయాయి, వాటిని మధ్యాహ్నానికి లేపాం. అసలు కథ సాయంత్రం ఒహాయోలో తెల్లారాక మొదలైంది. రాత్రంతా ఆన్‌లో వదిలేసిన రిసెప్షన్ సిస్టమ్స్, డాక్టర్ల గదుల్లోవి, అన్నీ బూట్ కాక చక్రం తిరుగుతున్నాయి. బూట్ కాని మెషీన్‌లోకి రిమోట్ ఎక్కడిది? సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి, క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్‌లో 291 అంకె ఉన్న ఫైలు తీసేసి రీస్టార్ట్ చేస్తే చాలు. ఎదురుగా ఉన్నవాడికి రెండు నిమిషాల పని. మేం ఎదురుగా లేం. డిస్కులన్నిటికీ బిట్‌లాకర్ వేసి ఉంది. ఒక్కో మెషీన్‌కి 48 అంకెల రికవరీ కీ. ఆ అంకెల్ని ఆరేసి చొప్పున ఫోన్‌లో చదవాలి, అవతల ఆవిడ టైప్ చేయాలి, ఒక్క అంకె తప్పినా తెరుచుకోదు. పేషెంట్లు వెయిటింగ్ రూమ్‌లో కేకలేస్తుంటే, చేతులు వణుకుతున్న ఒక రిసెప్షనిస్టుతో మన వరంగల్ పిల్ల — ట్రైనీ, చేరి ఎన్నాళ్ళో కాలేదు — "మీరు ఊపిరి తీసుకోండి, నేనెక్కడికీ పోను" అని చెప్పి, అంకె అంకె చదివి, ఆ క్లినిక్ మొత్తం లేపింది. తెల్లారేదాకా లేవలేదు. అంత మంచి సపోర్ట్ కాల్ నా సర్వీసులో నేను వినలేదు.

నెలాఖరున ఆ పిల్లకి 'లో టికెట్ కౌంట్' అని వార్నింగ్ మెయిల్ వచ్చింది. ఎందుకంటే క్రౌడ్‌స్ట్రైక్ కాల్స్ అన్నిటినీ ఒహాయో వాళ్ళు ఒకే పేరెంట్ టికెట్‌లో కలిపేశారు. డాష్‌బోర్డ్‌లో ఆమె ఆ రాత్రి చేసింది 'ఒకటి'. ఆ నెల స్టార్ అవార్డు ఎవరికి వచ్చిందంటే, ఆ హడావిడిలో పక్కన కూర్చుని పాస్‌వర్డ్ రీసెట్లు మాత్రమే ఏరుకున్నవాడికి. నేను బావమరిది గారి దగ్గరికి వెళ్ళి కాల్ రికార్డింగ్ వినిపించాను. మొత్తం విన్నాడు. నిజంగా కదిలిపోయాడు. "గ్రేట్ జాబ్" అన్నాడు. మెయిల్ మాత్రం వెనక్కి తీసుకోలేదు, సిస్టమ్ జనరేటెడ్ అట.

ఇందులో ఇంకో మెలిక ఉంది. అది అర్థం కాకపోతే తమ్ముడు ఇక్కడ అనవసరంగా మనసు పాడుచేసుకుంటాడు. టికెట్లు తగ్గించే పని ఈ కంపెనీకి గిట్టదు. మన కరీంనగర్ కుర్రాడు, చురుకైనవాడు, ఒక క్లయింట్‌కి సెల్ఫ్ సర్వీస్ పాస్‌వర్డ్ రీసెట్ పెట్టించాడు. యూజర్లు తమంతట తామే మార్చుకుంటున్నారు, కాల్స్ తగ్గాయి. రెండో నెలలో ఒహాయో నుంచి మెయిల్: ఈ అకౌంట్‌కి ఒక సీటు తగ్గించుకోవచ్చా అని. సార్ ఆ కుర్రాణ్ణి కేబిన్‌కి పిలిచి, తిట్టలేదు, మెల్లగానే అడిగారు: "నీకెవరు చెప్పారమ్మా ఇది చెయ్యమని?" ఆయన్ని పూర్తిగా తప్పు పట్టలేను. సీటుకి ఇంత అని అమ్ముకునేవాడికి ఖాళీ సీటు నష్టమే. ఇన్వాయిస్ పంపిన నెలన్నరకు డబ్బులు వస్తాయి, జీతాలు మాత్రం ఒకటో తారీఖున పడాలి. ఆ మధ్యలో ఆయన నిద్ర ఆయనకూ లేదు. కానీ బాగా పని చేసినవాడు ఇంత భయపడే చోట, రెండేళ్ళకు ఎవరైనా ఏమవుతారు? ఆ కుర్రాడు ఇప్పుడు టికెట్ మూసేస్తాడు, మళ్ళీ అదే తెరుచుకుంటే మళ్ళీ మూసేస్తాడు, కౌంట్ బ్రహ్మాండంగా ఉంది.

సార్ గురించి ఇంత రాశాక ఇదీ రాయాలి. 2021 మేలో, సెకండ్ వేవ్‌లో, మన ఎల్‌టూ అన్న వాళ్ళ నాన్నగారికి ఆక్సిజన్ బెడ్ దొరకనప్పుడు సార్ రాత్రంతా ఫోన్లు చేసి గాంధీలో బెడ్ పట్టించారు, లక్ష రూపాయలు చేబదులుగా ఇచ్చారు, నోటు కూడా రాయించుకోలేదు. నువ్వూ చూశావు అది. ఆ పెద్దాయన బతికి బయటపడ్డారు. ఆ తర్వాతది నీకు తెలీదు. అన్న ఆ అప్పు తీర్చేశాక కూడా హైక్ గురించి నోరు తెరవలేకపోయాడు. "ఏ ముఖంతో అడగను తమ్మీ" అనేవాడు. సార్ ఎప్పుడూ గుర్తు చేయలేదు, చేయాల్సిన అవసరమూ రాలేదు. మొన్న వేసవిలో గచ్చిబౌలిలో పెద్ద కంపెనీలో ఎక్కువ జీతానికి ఆఫర్ వస్తే, రాజీనామా లెటర్ మేడమ్ టేబుల్ మీద పెట్టేసి, సార్‌కి ఎదురుపడకుండా వెళ్ళిపోయాడు. సార్ చాలా బాధపడ్డారు. "సొంత తమ్ముడిలా చూసుకున్నా" అన్నారు. రూలు ప్రకారం మెడికల్ ఇన్సూరెన్స్ ఉండి, రూలు ప్రకారం హైక్ వచ్చి ఉంటే ఆ ఇద్దరూ ఈ రోజుకీ మంచిగానే ఉండేవాళ్ళు.

నేను ఇప్పుడు టీమ్ లీడ్‌ని. కార్డు మీద అలా ఉంటుంది. జీతంలో తేడా లేదు, బాధ్యతలో ఉంది. రోస్టర్ నేనే వేయాలి. ఎవరికి దసరా, ఎవరికి సంక్రాంతి, ఎవడి పెళ్ళిచూపులు నిజమైనవి, ఎవడివి ఇంటర్వ్యూలు, ఇవన్నీ నా నెత్తిన. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం అమెరికా గడియారం గంట అటూ ఇటూ జరిగినప్పుడల్లా ఇక్కడ ముప్ఫై మంది నిద్రలు కదుల్తాయి. ఇప్పుడు సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజాము మూడున్నర దాకా. ఆ గంటలో మెట్రో ఉండదు. అమ్మాయిలకు క్యాబ్ ఉంది, మగపిల్లలకు సొంత బండి, లేదా కాలినడక. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఎవరికి ఎన్ని కాంప్ ఆఫ్‌లు రావాలో రాయడం మొదలుపెట్టాను. సార్ నోట మాట వచ్చిన ప్రతిసారీ సీటుకి వచ్చి ఓ మెయిల్ కొడుతున్నాను: "సార్, ఇందాక మీరు చెప్పిన ప్రకారం..." అని. మొదట్లో నవ్వారు. తర్వాత "మనలో మనకి మెయిళ్ళెందుకమ్మా?" అన్నారు. ఇప్పుడు నా ముందు మాట ఇచ్చేముందు ఓ క్షణం ఆగుతున్నారు. ఆ మాత్రం చాలు నాకు.

ఇక తమ్ముడి సంగతి. నెలకు 18 వేలు అన్నావు. చేరేముందు ఒక్కటి చూసుకోవాలి: ఆ లెటర్‌లో వాణ్ణి 'ఎంప్లాయీ' అన్నారా, 'కన్సల్టెంట్' అన్నారా? పేరోల్ మీద ఉన్నవాళ్ళకు పీఎఫ్, ఈఎస్ఐ కట్టాలి, అందుకే అక్కడ ఇరవై మంది నిండనివ్వరు. మిగతా వాళ్ళంతా 'ప్రొఫెషనల్ ఫీజు' తీసుకునే కన్సల్టెంట్లు. అదే కుర్చీ, అదే షిఫ్ట్, అదే టైమ్‌షీట్. కాగితం మీద డాక్టర్, లాయర్‌లాగా ఇన్‌వాయిస్ ఇచ్చే పెద్దమనిషి. అలా చేరితే 10 శాతం టీడీఎస్ పోయి చేతికి 16,200 వస్తుంది. రిటర్న్ వేస్తే ఆ కోత తిరిగొస్తుందనుకో, వాడికి ఆ సంగతి చెప్పేవాళ్ళుండాలి. తిరిగి రానిది ఈఎస్ఐ. జీతం 21 వేలు దాటని ఉద్యోగికి ఈఎస్ఐ ఉండాలి. 18 వేల మీద వాడి వాటా 135 రూపాయలు, కంపెనీది 585. ఆ 585 మిగుల్చుకోడానికి, తెల్లవారుజామున బండి మీద వెళ్ళే పిల్లాడికి సనత్‌నగర్ ఆస్పత్రి తలుపు మూసేస్తున్నారు. దీని మీద మాత్రం వాణ్ణి గట్టిగా నిలబడమను. అడిగితే ఇస్తారు. నవంబర్‌లో ఇద్దరు అడిగి పేరోల్‌కి మారారు, అడగని వాళ్ళు అలాగే ఉన్నారు.

పేరోల్ మీద వేశాక కూడా నెల నెలా పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూసుకోమను. స్లిప్‌లో కోత కనబడి ఖాతాలో జమ కాని నెలలు మా దగ్గర ఉన్నాయి. ఒకడు పీఎఫ్ గ్రీవెన్స్ పోర్టల్‌లో పెడితే బర్కత్‌పురా నుంచి కంపెనీకి నోటీసు వచ్చింది, ఆ వారంలోనే డబ్బు కట్టేశారు. వాణ్ణి ఏమీ అనలేదు కూడా.

చేరేటప్పుడు మా దగ్గర రాయించుకునే రెండేళ్ళ బాండ్ గురించి హాస్టల్లో పిల్లలు "అది కోర్టులో చెల్లదు బ్రో" అని చెబుతారు, నమ్మొద్దను. ఈ మే నెలలోనే సుప్రీంకోర్టు ఓ ప్రభుత్వ బ్యాంకు కేసులో, మూడేళ్ళు చేయకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న బాండ్‌ని సమర్థించింది. బ్యాంకు వేరు, మా అయ్యప్ప సొసైటీ వేరు, ట్రైనింగ్ పేరుతో యూట్యూబ్ లింకులు పంపి లక్ష అడిగితే ఆ లెక్క వేరే. అయినా సంతకం పెట్టాక వాదించుకోవడం కంటే పెట్టకముందు రెండేళ్ళని ఏడాది చేయించుకోవడం సులువు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వొద్దు, జిరాక్సులు చాలు. తేదీ వేయని చెక్కు అసలే వద్దు. మేడమ్ ఒరిజినల్స్ అడుగుతారు, అది అలవాటు. "నాన్న దగ్గర ఊళ్ళో ఉన్నాయి మేడమ్" అంటే మళ్ళీ అడగరు.

నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయని కేంద్రం ప్రకటించింది, చూశావుగా. అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్, మానేసిన రెండు పని దినాల్లో లెక్క తేల్చడం, అన్నీ ఉన్నాయి అందులో. ఎల్‌టూ అన్న సెటిల్‌మెంట్ ఇంకా తేలలేదు. నేను ఆ వార్త మేడమ్‌కి చూపిస్తే "రూల్స్ ఇంకా రావాలి" అన్నారు. రూల్స్ లేవని ఆవిడ నోటి నుంచి వినడం నాకు భలే అనిపించింది.

అయితే చేరమంటున్నానా? పేరోల్ మీద అయితే చేరమనే అంటున్నా, ఏడాదిన్నర, రెండేళ్ళ కోసం. కారణం ఉంది. పెద్ద కంపెనీలో వీడిలాంటి ఫ్రెషర్‌ని ఓ మూల కూర్చోబెట్టి ఒకటే రకం టికెట్ రెండేళ్ళు చేయిస్తారు. ఇక్కడ మనుషులు చాలరు కాబట్టి మూడో నెలలోనే ఫైర్‌వాల్ చేతిలో పెడతారు, ఆరో నెలకు మెయిల్ మైగ్రేషన్‌లో కూర్చోబెడతారు. స్విచ్ కాలిపోతే, బ్యాకప్ తెరుచుకోకపోతే, మెయిల్ లూప్‌లో పడితే వీడే చూడాలి. నీకు అమెరికాలో ఇంటర్వ్యూలో పనికొచ్చింది ఏది, ఎమ్మెస్ సబ్జెక్టులా, మన పాత ఆఫీసులో డొమైన్ కంట్రోలర్ పడిపోయిన రాత్రా? నువ్వే చెప్పావు. ఆ విద్య ఇక్కడ ఉంది. దాన్ని తీసుకోమను, దాంతో పాటు వచ్చే "ఫ్యామిలీ"ని తీసుకోవద్దను. చేబదులు అడగొద్దు. పాస్‌వర్డ్ షీటు సొంత లాప్‌టాప్‌లోకి కాపీ చేయొద్దు, రేపేదైనా జరిగితే మొదట వెతికేది అలాంటి ఫైలున్నవాణ్ణే. మూడో ఏడు మొదలయ్యే ముందే బయట వెతుక్కోవాలి, లేకపోతే నాలాగా రోస్టర్ వేసుకుంటూ ఉండిపోతాడు.

నా టీమ్‌లో మాత్రం వేయించుకోను. మీ తమ్ముడని తెలిస్తే వాడి సంక్రాంతి లీవు నా చేతిలో ఇరుక్కుంటుంది. ఇస్తే పక్కవాడికి కోపం, ఇవ్వకపోతే నీకు. వరంగల్ పిల్ల ఇప్పుడు రెండో టీమ్ చూస్తోంది, ఆమె దగ్గర వేయమని చెబుతా. ఫోన్‌లో మనిషితో ఎలా మాట్లాడాలో ఆమె దగ్గర నేర్చుకుంటే వాడికి జన్మంతా పనికొస్తుంది.

ఉండడానికి మా సందు చివర ఒక బాయ్స్ హాస్టల్ ఉంది. మిగతా చోట్ల టిఫిన్ తొమ్మిదిన్నరకే ఎత్తేస్తారు, నైట్ షిఫ్ట్ పిల్లలు లేచేసరికి మధ్యాహ్నం భోజనమూ అయిపోతుంది. ఇక్కడి ఓనరమ్మ వాళ్ళ కోసం పేరు రాసి డబ్బాలో అన్నం తీసి పెడుతుంది. అడ్వాన్స్ ఒక్క నెలదే. మంచం ఖాళీ ఉందో లేదో రేపు కనుక్కుంటా.

ఆఫర్ లెటర్ పీడీఎఫ్ పంపించు. మెయిల్‌కి పంపు, వాట్సాప్‌లో ఫోటో తీసి పంపితే అడుగున ఉండే చిన్న అక్షరాలు కనబడవు. జాయినింగ్ సోమవారం అన్నావు కాబట్టి శనివారం లోపు అయితే మంచిది. అమ్మను అడిగానని చెప్పు. నీ హెచ్‌వన్ కాగితాలు ఎక్కడిదాకా వచ్చాయో వివరంగా రాయి, ఊరికే 'ప్రాసెస్‌లో ఉంది' అని కాదు.

నీ
మామ